‘లాంచ్’కు తెలుగు ‘ప్రయోగం’ కాదు

చాలా నెలలుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. చూడడానికి చిన్నదే. ఇంగ్లీషులో ‘లాంచ్’ అనే ఒక మామూలు క్రియాపదం ఉన్నది. రాకెట్ల విషయంలో దానికి మన పత్రికలూ, టీవీలూ కలిసి ఖాయం చేసిన తెలుగు ‘ప్రయోగించు’. దాని నామవాచకం ‘ప్రయోగం’. ఈ అనువాదం తప్పనీ, దానివల్ల మనకు నిజమైన నష్టం జరుగుతున్నదనీ, దానికి బదులు వాడదగిన మాట మన నోళ్ళలోనే నలుగుతున్నదనీ నా వాదన. తప్పు అనే మాట తొందరపడి అనడం లేదు. ఎందుకంటున్నానో చివరిదాకా చదివి మీరే నిర్ణయించండి.

నేనుండేది సూళ్ళూరుపేటలో. పులికాట్ సరస్సుకు ఇవతల మేము, అవతల శ్రీహరికోట. ఎన్నో ఏళ్ళు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా మా అలవాటు మారలేదు. రాకెట్టు లేచే వేళకు ఊరంతా మిద్దెలెక్కుతుంది. ముందు వెలుగు కనబడుతుంది, కొంతసేపటికి ఉరుము వినబడుతుంది, కిటికీ రెక్కలు కాస్త అదురుతాయి. పిల్లలు కేకలు వేస్తారు. తరువాత అందరం కిందికి దిగి భోజనాలు చేస్తాం.

2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు అలాగే మిద్దె మీద ఉన్నాం. పక్కన ఆరో తరగతి చదువుతున్న నా మనవరాలు. ఆ రాత్రి లేచినది పి.ఎస్.ఎల్.వి.-సి60. అందులో స్పేడెక్స్ అనే పనికోసం ఒక్కొక్కటి సుమారు 220 కిలోల బరువున్న రెండు ఉపగ్రహాలున్నాయి. మరునాడు పొద్దున ‘స్పేడెక్స్ ప్రయోగం విజయవంతం’ అని చదువుకొని సంతోషించాం. పదిహేడు రోజుల తరువాత, 2025 జనవరి 16న, మళ్ళీ అదే వార్త: ‘స్పేడెక్స్ ప్రయోగం విజయవంతం’. అమ్మణ్ణి రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టుకొని అడిగింది: “తాతా, ఇది పోయిన నెలే అయిపోయింది గదా, మళ్ళీ ఎందుకు చేశారు?”

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నేను ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి అరగంట తీసుకున్నాను. పిల్ల తెలివితక్కువదై అడిగిన ప్రశ్న కాదది. తెలుగు సరిగా వచ్చినందువల్ల అడిగిన ప్రశ్న.

జరిగినదేమంటే, డిసెంబరు 30న రాకెట్టు ఆ రెండు ఉపగ్రహాలనూ దాదాపు 475 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో వదిలింది. అసలు పరిశోధన అప్పటికి మొదలే కాలేదు. కక్ష్యలో తిరుగుతున్న ఆ రెంటినీ మెల్లగా దగ్గరికి చేర్చి ఒకదానితో ఒకటి అతికించడమే అసలు పరిశోధన. అది జనవరి 16న జరిగింది. అమెరికా, రష్యా, చైనాల తరువాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది. అదే రాకెట్టు చివరి దశలో మరో ముచ్చటైన పరిశోధన కూడా ఉన్నది. ఎనిమిది అలసంద గింజలను ఒక పెట్టెలో పెట్టి పంపారు. నాలుగు రోజుల్లో అవి మొలకెత్తాయి. ఇంగ్లీషులో చదివే పిల్లకు ఈ మూడింటికీ మూడు మాటలున్నాయి. రాకెట్టు లేవడానికి ఒకటి, ఉపగ్రహాలు అతుక్కోవడానికి ఒకటి, గింజల మీద చేసిన పరీక్షకు మరొకటి. తెలుగులో చదివే పిల్లకు మూడూ ‘ప్రయోగమే’. మూడింటినీ ఒకే మూటలో కట్టి చేతికిచ్చి, విప్పి చూసుకోలేకపోతే పిల్లకు సైన్సు రాదని నిందిస్తున్నాం.

ఇక ‘ప్రయోగం’ అనే మాట లోపల ఏముందో చూద్దాం. ‘యుజ్’ అనే సంస్కృత ధాతువుకు కూర్చు, జతపరచు, పనిలో పెట్టు అని అర్థాలు. ‘ప్ర’ చేరితే వినియోగించడం. ఆ అర్థంలోనే పదప్రయోగం అంటున్నాం, కర్మణి ప్రయోగం అని వ్యాకరణంలో చెబుతున్నాం. ఆధునిక కాలంలో సైన్సు వచ్చి, తెలియని ఫలితాన్ని తెలుసుకోవడానికి చేసే పరీక్షకు ఈ మాటను తీసుకున్నది. అందుకే ప్రయోగశాల వచ్చింది. ఈ రోజు బడిపిల్లవానికి ప్రయోగం అంటే మొదట తోచేది ఈ అర్థమే: చేసి చూడాలి, ఏమవుతుందో తెలియదు. రాకెట్టు వార్త చదివేటప్పుడు కూడా వాడికి తోచేది అదే. ‘ప్రయోగశాల’కూ ‘ప్రయోగ కేంద్రా’నికీ తేడా ఏమిటో మాటల్ని బట్టి చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం?

ఇక్కడ పండితులు ఒక ఆక్షేపణ తెస్తారు. రాకెట్టు విషయంలో వాడే ‘ప్రయోగం’ సైన్సు ప్రయోగం కాదనీ, అస్త్రప్రయోగం నుంచి వచ్చిందనీ అంటారు. ఇతిహాసాల్లో అస్త్రానికి ప్రయోగమూ ఉపసంహారమూ ఉన్నాయి గనుక ఆకాశంలోకి పంపే వస్తువుకు ఆ మాట తగినదే అని వారి వాదం. ఈ వ్యుత్పత్తిని నేను కాదనను. నిజానికి నా అభ్యంతరానికి బలం ఇచ్చేది అదే. ఆ అర్థంలో ‘ప్రయోగించు’ అనే క్రియ మన భాషలో ఎక్కడెక్కడ ఉన్నదో గమనించండి. బలప్రయోగం. లాఠీలు ప్రయోగించారు. బాష్పవాయువు ప్రయోగించారు. చేతబడి ప్రయోగం చేయించారు. వీటన్నిటిలోనూ ప్రయోగించేవాడు ఒకడు, ఆ దెబ్బ తగిలేవాడు ఒకడు ఉన్నారు. ‘ఎవరి మీద?’ అనే ప్రశ్న ఆ క్రియలోనే ఇమిడి ఉన్నది. శ్రీహరికోటలో లేచే రాకెట్టును ఎవరి మీద ప్రయోగిస్తున్నాం? వర్షం కబురు చెప్పే ఉపగ్రహాన్ని మోసుకుపోయే వాహనానికి లాఠీకి వాడే క్రియ ఎందుకు?

క్షిపణికి ‘ప్రయోగించు’ అంటే నాకు అభ్యంతరం లేదు. అది ఆయుధం, దానికి గురి ఉంటుంది. అయితే అక్కడ కూడా ఈ మాట చిక్కు తెస్తూనే ఉన్నది. ఒక దేశం క్షిపణిని ‘ప్రయోగించింది’ అని శీర్షిక చూస్తే, పొరుగుదేశం మీద వేసిందో, సముద్రంలోకి వేసి పరీక్షించుకున్నదో కింద వార్త చదివితే తప్ప తెలియదు. అందుకే జాగ్రత్తగల ఉపసంపాదకులు ‘క్షిపణి పరీక్ష’ అని రాస్తారు. అంత జాగ్రత్త శ్రీహరికోట వార్తలకు ఎందుకు కరువైంది?

ఈ మాట మొదట ఎలా స్థిరపడిందో ఊహించడం కష్టం కాదు. శ్రీహరికోట నుంచి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న లేచింది. రోహిణి-125 అనే చిన్న రాకెట్టు అది. తరువాత 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి లేచి, కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. 1980 జూలై 18న రెండోసారి లేచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజుల్లో అవి అక్షరాలా ప్రయోగాలే. చేసి చూడడమే, ఏమవుతుందో తెలియదు. అంతరిక్ష సంస్థవారే ఆ రెంటికీ ‘ఇ1’, ‘ఇ2’ అని పేర్లు పెట్టారు. ఆ ‘ఇ’ అక్షరం ప్రయోగాత్మకం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరం. ఆనాటి విలేఖరి ‘ప్రయోగం’ అని రాస్తే సరిగ్గానే రాసినట్లు.

కానీ ఆ సంస్థ తన అక్షరాలను మార్చుకుంటూ పోయింది. రాకెట్టును తీర్చిదిద్దే దశలో ఉన్న ప్రయాణాలకు ‘డి’ అని పేరు. పి.ఎస్.ఎల్.వి.-డి1 1993 సెప్టెంబరు 20న విఫలమైంది. డి2 1994 అక్టోబరు 15న గెలిచింది. ఆ దశ ముగిశాక ‘సి’ వచ్చింది. అంటే కొనసాగింపు. నేర్చుకోవలసిన మొదటి పాఠాలు అయిపోయాయి, ఇక ఇది వాడుకలోకి వచ్చిన వాహనం అని చెప్పడమన్నమాట. పి.ఎస్.ఎల్.వి.-సి1 1997 సెప్టెంబరు 29న లేచింది. పాతికేళ్ళు దాటిపోయాయి. వాళ్ళు ఇ, డి, సి అని మూడు మెట్లెక్కారు. మన తెలుగు విలేఖరి మాత్రం 1979లో కూర్చున్న మెట్టు మీదే కూర్చొని ఉన్నాడు. ఏ అక్షరం రాకెట్టు లేచినా ఆయనకది ‘ప్రయోగమే’.

2017 ఫిబ్రవరి 15న పి.ఎస్.ఎల్.వి.-సి37 ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసుకుపోయింది. వాటిలో 101 విదేశాలవి. అవన్నీ ఇతరులు నమ్మి మన చేతిలో పెట్టిన సరుకు. ప్రయోగదశలో ఉన్న బండిలో ఎవరైనా తమ సరుకు వేస్తారా? మా ఊరినుంచి నెల్లూరికి బస్సు బయలుదేరితే ‘బస్సు ప్రయోగం’ అనం. దారిలో బస్సు చెడిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అంతమాత్రాన అది ప్రయోగం అయిపోదు. ఏళ్ళ తరబడి సాగుతున్న రవాణాను ఇంకా ‘ప్రయోగం’ అనడమంటే ఆ ఇంజనీర్ల పనితనాన్ని ప్రతిసారీ మొదటికి తీసుకుపోయి నిలబెట్టడమే.

ఇంతకన్న పెద్ద నష్టం ఓటమి కబురు వచ్చినప్పుడు జరుగుతున్నది. 2025 జనవరి 29న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్15 లేచింది. శ్రీహరికోట నుంచి లేచిన పెద్ద రాకెట్లలో అది నూరవది. మా ఊళ్ళో పండుగలా జరుపుకున్నాం. ఆ రాకెట్టు తన పని తాను చక్కగా చేసి ఎన్.వి.ఎస్.-02 అనే ఉపగ్రహాన్ని అప్పగించవలసిన చోట అప్పగించింది. ఆ తరువాత ఉపగ్రహంలో ఇంధనం మండడానికి కావలసిన ఆక్సిడైజరును లోపలికి పంపే కవాటాలు తెరుచుకోలేదు. అందువల్ల దానిని పై కక్ష్యకు చేర్చలేకపోయారు. నాలుగు రోజుల్లో ఆ సంగతి సంస్థవారే ప్రకటించారు. రాకెట్టు గెలిచింది, ఉపగ్రహం చిక్కులో పడింది. రెండు వేర్వేరు సంగతులు. తెలుగులో ఏమైంది? ముందు ‘ప్రయోగం విజయవంతం’ అన్నారు, తరువాత ‘ప్రయోగానికి ఎదురుదెబ్బ’ అన్నారు. టీ అంగడి దగ్గర ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు: “ఆ పొద్దు గెలిచిందన్నారు, ఈ పొద్దు లేదంటున్నారు. ఏది నిజం సార్? మనకు అబద్ధం చెప్పినట్టే గదా?” ఆయనకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు నిజాలనూ ఒకే మాటతో చెప్పడంవల్ల రెండోది మొదటిదాన్ని అబద్ధం చేసింది.

అదే సంవత్సరం మే 18న పి.ఎస్.ఎల్.వి.-సి61 లేచింది. మూడో దశలో లోపం వచ్చి ఉపగ్రహం కక్ష్యకు చేరనే లేదు. ఇక్కడ ఓడింది రాకెట్టు. అంతకుముందు 2019లో చంద్రయాన్-2ను తీసుకోండి. జూలై 15న ఇంకా 56 నిమిషాలుందనగా లోపం కనిపించి ఆపారు. జూలై 22న రాకెట్టు లేచి ఏ లోపమూ లేకుండా తన పని ముగించింది. సెప్టెంబరు 7న చంద్రుని మీద దిగవలసిన ల్యాండరు కూలిపోయింది. చంద్రుని చుట్టూ తిరిగే ఆర్బిటరు మాత్రం ఆ తరువాత ఏళ్ళ తరబడి పనిచేసింది. ఈ మూడు సందర్భాలనూ మా ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. మూడూ ‘ప్రయోగం ఫెయిలైంది’ అనే ఒకే వాక్యంగా వారి జ్ఞాపకంలో మిగిలిపోయాయి. రాకెట్టు పోయిందా, ఉపగ్రహం పోయిందా, చివరి అంగలో కాలు జారిందా అనేది పోయింది. ఎక్కడ ఓడామో చెప్పలేని భాషలో ఎందుకు ఓడామో చర్చించడం కుదరదు. పన్నులు కట్టే ప్రజలకు ఆ చర్చ హక్కు.

‘అయితే ఆ ఇంగ్లీషు మాటనే వాడుకుందాం, లాంచ్ చేశారు అందాం, ఇంత గొడవెందుకు’ అనేవారు మరో పక్షం. ఇంగ్లీషు మాటలంటే నాకు ద్వేషం లేదు. రాకెట్టు అనే మాటను ఈ వ్యాసంలో ఎన్నిసార్లు వాడానో లెక్కపెట్టుకోవచ్చు. అది వస్తువు పేరు, వస్తువుతో పాటు వచ్చింది, మన ఉకారం తగిలించుకొని మనదైపోయింది. క్రియ సంగతి వేరు. ఇంగ్లీషు క్రియ మన భాషలోకి క్రియగా రాలేదు. నామవాచకంగా మారి వచ్చి, పక్కన ‘చేయు’ను ఊతకర్రగా పెట్టుకుంటుంది. లాంచ్ చేయు, స్టార్ట్ చేయు, ఆపరేట్ చేయు. ఇలాగే సాగితే తెలుగులో మిగిలే క్రియ ‘చేయు’ ఒక్కటే.

పైగా ‘లాంచ్’ ఒంటరిగా రాదు. ఇంగ్లీషులో దానికి పనులెక్కువ. ఇప్పటికే మన దగ్గర పాట లాంచ్, ఫోను లాంచ్, పథకం లాంచ్, పుస్తకం లాంచ్ అయిపోయాయి. వీటన్నిటికీ మనకు విడివిడిగా మాటలుండేవి, ఇంకా ఉన్నాయి. పుస్తకాన్ని ఆవిష్కరిస్తాం. సినిమాను విడుదల చేస్తాం. పథకాన్ని ప్రారంభిస్తాం. ఓడకు జలప్రవేశం చేయిస్తాం. 1948 మార్చి 14న విశాఖపట్నంలో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ అనే ఓడ సముద్రంలోకి దిగినది ఆ వేడుకతోనే. ఇంగ్లీషువారు ఒక్క క్రియతో సరిపెట్టుకున్నచోట మనం నాలుగింటితో సూక్ష్మంగా మాట్లాడాం. ఇప్పుడు ఆ నాలుగింటినీ ‘లాంచ్’లో ముంచేస్తున్నాం. అవతల ఇంగ్లీషువారు విడివిడిగా మాట్లాడుకునే మూడు పనులను ‘ప్రయోగం’లో ముంచేశాం. రెండు బేరాల్లోనూ నష్టపోయినది మనమే.

ఆ ఇంగ్లీషు క్రియ పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పుకోదగినవి. దాని మూలం పాత ఫ్రెంచిలో ఉన్నది. లాన్స్ అంటే బల్లెం, దానినుంచి బల్లెం విసరడానికి వచ్చిన క్రియ అది. అక్కడినుంచి విసరడం, తోయడం అనే అర్థాలు వచ్చి, పడవను నీళ్ళలోకి తోయడానికి ఆ మాట స్థిరపడింది. రాకెట్లు వచ్చినప్పుడు ఇంగ్లీషువారు నిఘంటువులు వెతికి కొత్తమాట కట్టలేదు. ఓడరేవులో పనివాళ్ళ నోట ఉన్న మాటనే తెచ్చి రాకెట్టుకు తగిలించారు. అన్నట్టు, మన గోదావరిలో పాపికొండలకు తీసుకుపోయే ‘లాంచీ’ ఈ క్రియనుంచి వచ్చింది కాదు. అది పోర్చుగీసువారి ‘లాంచా’ అనే పడవ పేరు. ఇంగ్లీషులో రెండూ ఒకే రూపానికి వచ్చాయి, పుట్టుక మాత్రం వేరు.

పొరుగువారు ఏం చేశారో కూడా చూద్దాం. తమిళులు ‘ఏవు’ అనే తమ పాత క్రియను తీసుకొని రాకెట్టు లేచే చోటును ‘ఏవుతళం’ అన్నారు, క్షిపణిని ‘ఏవుకణై’ అన్నారు. కన్నడిగులు ‘ఉడావణె’ అంటారు. మలయాళులు ‘విక్షేపణం’ అంటారు. హిందీవారు ‘ప్రక్షేపణ్’ అంటారు. వీరెవ్వరికీ రాకెట్టు లేవడమూ ప్రయోగశాలలో పరీక్షా ఒకే మాట కాదు. రాకెట్లు లేచే నేల మనది, ఆ పనికి సొంత మాట లేనిదీ మనకే. మా ఊరికి తమిళదేశం కూతవేటు దూరం. తడ దాటితే ‘ఏవుతళం’, ఇవతల ‘ప్రయోగ కేంద్రం’.

మనమూ ‘ప్రక్షేపణం’ అందామా? క్షిప్ ధాతువు మనకు కొత్తది కాదు, ‘క్షిపణి’ నిలబడింది కూడా. అయితే తెలుగు చదివినవారికి ‘ప్రక్షిప్తం’ అంటే కావ్యంలో ఎవరో దూర్చిన పద్యం. అదీగాక, మిద్దెమీద నిలబడ్డ పిల్ల ఆ మాట అనదు. ప్రాచీన తెలుగులో బాణం వేయడానికి ‘ఏయు’ అనే చక్కని క్రియ ఉండేది, తమిళ ‘ఏవు’ను తలపించే మాట. దానిమీద నాకు మోజున్నది. కానీ అది కావ్యాల్లోనే మిగిలిపోయింది. చనిపోయిన మాటను లేపడం కవులకు చెల్లుతుంది, వార్త రాసేవారికి చెల్లదు.

అంత దూరం పోనక్కరలేదు కూడా. పోయిన సంవత్సరం ఒక ఉదయం పులికాట్ ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒకాయనను, ఇంకా సముద్రం మీదికి పోలేదేమని అడిగాను. ఆయన తలెత్తకుండా అన్న మాట ఇది: “ఈ పొద్దు రాకెట్టు వదల్తారంట గదా సామీ. వేటకు పోవద్దన్నారు.”

వదల్తారంట! మా ఊళ్ళో అందరూ అనే మాటే అది. నేనూ పుట్టినప్పటినుంచీ అంటున్న మాటే. కలం పట్టగానే ‘ప్రయోగిస్తారు’ అని రాసేవాడిని. వెతుకుతున్న క్రియ ఇంట్లోనే ఉన్నది.

‘వదులు’ ఎంత సరిపోయిన మాటో ఆలోచించండి. విలుకాడు బాణాన్ని వదులుతాడు. కార్తీకమాసంలో దీపాన్ని నీటిలో వదులుతాం. పావురాన్ని ఆకాశంలోకి వదులుతాం. దీపావళికి పిల్లలు తారాజువ్వలు వదులుతారు. అన్నిటిలోనూ ఒకే చర్య ఉన్నది: సిద్ధం చేసి, పట్టి ఉంచి, సమయం చూసి పట్టు విడవడం. ఆ తరువాత అది తన దారిన పోతుంది. వెనక్కి పిలవలేం. నెలల తరబడి రాకెట్టును కూర్చి, వేదిక మీద నిలబెట్టి, గంటలు లెక్కపెట్టి చివరకు చేసే పని సరిగ్గా అదే. అస్త్రానికి ఉపసంహారం ఉన్నది. వదిలిన రాకెట్టుకు లేదు.

దీనిమీద రాదగిన ఆక్షేపణలు నాకు తెలుసు. ‘వదులు’ అంటే విడిచిపెట్టి పోవడం కూడా గదా అంటారు. నిజమే. 1970 ప్రాంతంలో రాకెట్ల కేంద్రం వచ్చినప్పుడు శ్రీహరికోట దీవిలోని ఊళ్ళవారు ఊరు వదిలి ఇవతలికి రావలసి వచ్చింది. ఈ ప్రాంతంలో ఆ మాటకు ఆ బరువు కూడా ఉన్నది. కానీ ఊరు వదలడాన్నీ రాకెట్టు వదలడాన్నీ ఎవరూ పొరపడరు. ఏది వదిలారో చెప్పగానే అర్థం తేలిపోతుంది. ‘ప్రయోగం’లో అలా తేలదు, స్పేడెక్స్‌కూ ప్రయోగమే, దానిని మోసిన రాకెట్టుకూ ప్రయోగమే. ‘వదలడం’ వేరు, ‘వదిలేయడం’ వేరు అని కూడా తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మాట నాటుగా ఉన్నది, గంభీరంగా లేదు అని ఇంకొందరు అంటారు. బల్లెం విసిరేవాని మాట, పడవ తోసేవాని మాట ఇంగ్లీషులో గంభీరమైపోయింది. వాడగా వాడగా గాంభీర్యం వస్తుంది. మన జాలరి మాటకు ఆ అదృష్టం ఎందుకుండకూడదు?

శీర్షికకు నామవాచకం కావాలి గదా అని పత్రికలవారు అడగవచ్చు. శీర్షికలో క్రియ ఉంటే వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాదు. ‘నూరవ రాకెట్టును వదిలిన శ్రీహరికోట’ అంటే చాలదా?

కాబట్టి నేను కోరేది ఇంతే. రాకెట్టును వదిలారు అందాం. రాకెట్టు లేచింది అందాం. ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది అని ఇప్పటికే చక్కగా రాస్తున్నాం, దానిని అలాగే ఉంచుదాం. తప్పిపోతే, రాకెట్టు ఓడిందో ఉపగ్రహం ఓడిందో పేరుపెట్టి చెబుదాం. క్షిపణిని పరీక్షకు వేస్తే పరీక్ష అందాం. ‘ప్రయోగం’ అనే మాటను పూర్తిగా మానమనడం లేదు. రెండు ఉపగ్రహాలను ఆకాశంలో అతికించడం ప్రయోగం. ఎనిమిది అలసంద గింజలను మొలిపించడం ప్రయోగం. ఆ మాట వాటికి కావాలి. రాకెట్టు లేచిన ప్రతిసారీ దానిని ఖర్చు పెట్టేస్తే అసలైన ప్రయోగం జరిగిన రోజున చెప్పడానికి మాట మిగలదు.

అరగంట పాటు నా వివరణ విన్నాక మనవరాలు అడిగింది: “అయితే తాతా, ముందు వదిలారు, తరవాత ప్రయోగం చేశారు. అంతే గదా?” అంతేనమ్మా అన్నాను. పత్రికలో ఆ రెండు వాక్యాలే రాసి ఉంటే నా అరగంట మిగిలేది.